ఎరుపు పగిలే చోటు

నల్లగొండ ప్రకాశం బజార్ల
జిరాక్సు దుకాణం మీదంగ రెండో అంతస్తు.
కిటికీకి నల్లగుడ్డ కొట్టిన నా గదిల
పగలు మూడింటికే రాత్రి.

పుట్టపాక నుంచి మత్స్యగిరి వచ్చిండు.
చెప్పులు గడప అవుతల ఇడిసి
ఫోను రెండు చేతులతోటి ఇచ్చిండు
పిట్టను అందిచ్చినట్టు.
ఇరవై ఏడు సెకండ్లు. గంతే మిగిలింది ఆమెది.

మేనల్లుడు తీసిండట. వాడు అక్కకు పంపె,
అక్క సూరతుల మరిదికి,
మరిది సంఘం గ్రూపుల ఏసె,
తీసిన ఫోను బాయిల పడె,
గ్రూపుల నుంచి తిరిగి తిరిగి ఈయనకు.
చెయ్యి మారినప్పుడల్లా
ఇంత గీకి, ఇంత పారబోసుకుంట వచ్చింది.

అండాలమ్మ రంగు గోలెం ముంగట కూసున్నది.
తడి నూలు పిండుతున్నది.
కెమెరా దిక్కు చూడకుంట ఏదో అంటున్నది.
మొఖం నిండ నీడ.
"సంవత్సరీకం నాడు గోడ మీద పెద్దగ ఆడియ్యాలె,
జర ఎలుతురు జెయ్యి బిడ్డా."

నీడ లేపిన.
చీమల పుట్ట కదిలినట్టు చదరాలు.
చెంపకో గడి, కంటికో గడి.
వాకిలి మీది ఆకాశం
మెట్లు మెట్లుగ దిగి ఆగింది.
చీకట్ల దాచిపెట్టింది అనుకున్న.
దాచలే. ఎప్పుడో పారేసింది.

ఈయనకు ఎట్ల జెప్పాలె?
ఎనిమిదింటికి ఎనిమిది చుక్కలు మూటగట్టి
దగ్గరి దగ్గరివన్నీ ఒకటే అని రాస్కుంటదని,
ఎలుతురును పైలంగ ఉంచి
రంగును సగానికి సగం కోస్తదని,
మనిషి కన్ను రంగు కాడ మోసపోతదని
దానికి ఎరుకని...

ఆయన తెర మీదికి వంగి
వేలుతోటి గడులు లెక్కబెడుతున్నడు.
"ఇది గ్రాఫు కాయితమే గదా!
మేమూ గీస్తం. గడికో కట్టు.
నేసినంక గడి కనబడొద్దు, గంతే."

మెత్తగ చేసే మందొకటి ఉన్నది, ఏసి చూసిన.
గడులు పోయినయి.
అండాలమ్మ మైనం బొమ్మ అయ్యింది.
అరచేతి గీతలు పోయినయి,
గోళ్ల సందుల రంగు పోయింది.
ఆయన ఏమనలే. నేనే తీసేసిన.

అంగీ జేబుల నుంచి పొట్లం ఇప్పిండు.
మూరెడు నూలు. ఆమె ఆఖరుసారి ముంచింది.
నూనె వాసన కీబోర్డు మీదికి వచ్చింది.
దారాన్ని తెరకు ఆనిచ్చి
"గిది. గీ ఎరుపు."

చక్రం తిప్పిన.
"ఇంక జర. ఊహూ, అది బజారు ఎరుపు.
ఇంక లోపటికి. ఎండినంక ఉంటది చూడు, అట్ల."
దారానికి దగ్గరయిన కొద్దీ
పిండే చేతి అంచు పగులుతున్నది,
ఎరుపు పక్క గడిలకు కారి
మణికట్టును ముంచుతున్నది.
ఎనక్కి తిప్పితే చెయ్యి మంచిగనే ఉంటది.
నూలే ఇటుకపొడి అయితది.

చెప్పిన. రంగు నిజమైతే బొమ్మ పగుల్తది,
బొమ్మ నిలవాలంటే రంగు అబద్ధం.

చానసేపు దారాన్నే చూసిండు.
కింద మిషను ఎవరిదో పహాణీకి నకలు తీస్తున్నది.
"చిటికి బట్టకు అంచు కారుతది బిడ్డా.
కారకుంటే అది అచ్చు.
తెలిసినోడు కొనేటప్పుడు
ఆ కారిన కాడనే వేలు పెట్టి చూస్తడు.
పగలనియ్యి."

పగలనిచ్చిన.
పైన నూకలంత గరుకు చల్లితే
మెట్ల ఆకాశం కొంచెం కలిసింది.
అది నేను తెచ్చిపెట్టిన దుమ్ము.
ఆయనకు చెప్పలే.

మూడు వందలు బల్ల మీద పెట్టి
ఉత్త కాళ్లతోటి కిందిదాక పోయి
చెప్పుల కోసం మళ్ల ఎక్కి వచ్చిండు.
అప్పుడు అడిగిన, ఆమె ఏమంటున్నదని.
మాట గూడ అణిగిపోయింది, నాకు ఇనబడలే.

"మేనల్లుణ్ణి కోప్పడుతున్నది.
ఆ ఫోను పక్కనబెట్టి
గీ కొస పట్టుకోరా, అని."