బి సైడు చివర

ఆదోనిలో పెండ్లంటే రోషన్ బ్యాండు,
రోషన్ బ్యాండంటే హుసేనప్ప గొంతు.
ఆ గొంతు వెనకాల జనరేటర్ బండి తోసినోణ్ణి నేను.
నా మాటకు రవ్వంత డీజిల్ వాసన ఉంటాది, ఏమనుకోవద్దు.

బజారు మలుపులో గుర్రం నిలబడితే
మైకు మూతికి ఆనించుకుని
సినిమా పాట ఎత్తుకునేటోడు.
మిద్దెల మీదికి ఆడోళ్లు
పిండి చేతులతోనే వచ్చేటోళ్లు.
పెండ్లికొడుకు తలచుట్టూ తిప్పి నోట్లు ఇసిరేటోళ్లు.
ఏరేది నేను.

తొంభై నాలుగులో, ముహూర్తాలు మంచి ఊపు మీదుండంగ,
ఎర్రకోటు మడిచి ఓనరు చేతిలో పెట్టినాడు.
'ఇంగ నా పాట నేను పాడుకుంటాప్పా' అన్నాడు.
కొట్లాట గిట్లాట ఏం లేదు.
ఒక గుండీ ఊడిపోయింటే దాని దుడ్లు కూడా ఇచ్చినాడు.

బళ్లారిలో ఒక గది. ఫ్యాను ఆపేసి రికార్డింగు.
ఒక్క హార్మోనియం. డోలు లేదు, ట్రంపెట్ లేదు.
ఐదు వందల క్యాసెట్లు.
అట్ట మీద ఆయన బొమ్మ,
కోటు లేకపోయేసరికి నేనే గుర్తుపట్టలే.

జిన్నింగు మిల్లులో దగ్గు తెచ్చుకున్న చెల్లెలి మీద ఒక పాట.
గుంతకల్లు ప్యాసింజరుకు ఎదురుచూసే కుక్క మీద ఒకటి.
ఆఖరి పాటకు మాటలే లేవు,
వాళ్ల నాయన దూదేకే విల్లు మోత
నోటితో పలికించినాడు
తుంయ్... తుంయ్... నారి తెగే దాకా.

పదకొండు అమ్ముడుపోయినాయి.
మూడు నేనే కొన్యా. ఆయనకు తెలీదు.
మిగిలినవన్నీ కిలోల లెక్కన
క్యాసెట్టంగడి నబీరసూల్ ఎత్తుకపోయి
మూలన చిల్లికి కాగితం అంటించి
వాటి మీదనే సినిమా పాటలు ఎక్కించి అమ్మినాడు.
అవి మాత్రం రెండు వారాల్లో ఖాళీ.

హుసేనప్ప ఆ తర్వాత యార్డులో తూకాలు రాసుకుంటా ఉండిపాయ.
టీ అంగడికాడ ఎవురన్నా
'అన్నా, ఆ పాత పాట ఒక్కటెత్తుకో' అంటే
గ్లాసు కింద పెట్టి, ఎత్తుకునేటోడు.
వాళ్లకు కావాల్సిందే.

ఆయన పోయిన ఏడాదికి
షేర్ ఆటోలో వస్తాండా.
డ్యూయెట్టు అయిపోయింది. గరగర.
ఆమీద, సినిమా పాట చాలక
మిగిలిపోయిన రవ్వంత టేపులో నుంచి
తుంయ్... తుంయ్...

'టేపు పాడైందన్నా, అన్నిట్లో ఇట్లనే' అని
డ్రైవరు పిల్లోడు చెయ్యి పెట్టబోయినాడు.
పట్టుకున్యా ఆ చెయ్యి.
'ఉండప్పా.'

దిగాల్సింది యార్డు కాడ.
శిరుగుప్ప క్రాసు దాటినాక గుర్తొచ్చింది.