తరుగు

చివరి ఓడ ఇవాళ రేవులోకి వస్తుందని కబురు.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతూనే ఉంది,
సింధియాలో మొదటి బస్సు దిగి
గేటు దగ్గర సంచీ తెరిచి చూపించి
మెట్లెక్కాను, డబ్బాలో చోడంబలి.

మూడేళ్ళుగా నా పని ఇదే.
గోడ మీద పటం, పటంలో ఆ దీవి,
దీవి నిండా ఎర్రతల గుండుసూదులు.
అక్కడొక ఠాణా మూసినట్టు తంతి వస్తే
కమాండర్ చాకో గారు తలూపుతారు,
నేను స్టూలెక్కి ఒకటి పీకుతాను.
నిన్న ఆఖరిది కూడా హార్లిక్స్ సీసాలో పడింది.
కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే
ఆ దీవి
అమ్మవారు పోసి తగ్గిన మొహంలా ఉంది.

ఇక లెక్కలు.
వెళ్ళిన గుడారాలు నాలుగొందల పన్నెండు,
వచ్చినవి మూడొందల అరవై.
దుప్పట్లు, డేక్షాలు, నీళ్ళ డబ్బాలు.
తేడా వచ్చిన చోటల్లా ఎర్రసిరాతో ఒకటే మాట: తరుగు.
కంసాలి బంగారానికి రాస్తాడు,
మిల్లువాడు ధాన్యానికి రాస్తాడు,
ఇక్కడ మేం అన్నిటికీ రాస్తాం.
మనుషుల పుస్తకం వేరే గదిలో ఉంటుంది.
ఆ గది గుమాస్తా పైడిరాజు
ఈమధ్య క్యాంటీన్లో ఎవరి పక్కనా కూర్చోవడం లేదు.

పదకొండింటికి ఓడ.
"ఎల్లినప్పుడు బాజాలెట్టారు కదమ్మా?"
మోకు చుడుతూ అడిగాడు వాసుపల్లి ఎర్రయ్య.
దిగిన కుర్రాళ్ళు
టీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

ఒకడు, మీసం సరిగ్గా రానివాడు,
నా బల్ల మీద తాళంచెవి పెట్టాడు.
బడిది. మేం అందులోనే పడుకునేవాళ్ళం.
వచ్చేటప్పుడు తాళం వేసి
అలవాటుగా జేబులో వేసుకున్నాను,
అని తనకొచ్చిన హిందీలో చెప్పాడు.
దానికి కట్టిన అట్టముక్క మీద అక్షరాలు
మన వాటిలాగే గుండ్రంగా,
ఒక్కటీ చదవలేకపోయాను.

పుస్తకం అటూ ఇటూ తిప్పాను.
వెళ్ళినవాటిలో అది లేదు.
తరుగుకి గడి ఉంది, మిగులుకి లేదు.
చాకో గారు కళ్ళజోడు తుడుచుకుని
"అక్కడ మనకిప్పుడు చిరునామా లేదమ్మా" అన్నారు.

సాయంత్రం గేటు దగ్గర మళ్ళీ సంచీ తెరిచాను.
మా ఇంటిదే అనుకుని పొమ్మన్నాడు జవాను.
మల్కాపురం దాటేదాకా
అది ఖాళీ డబ్బాకి కొట్టుకుంటూనే ఉంది.

ఈపాటికి పగలగొట్టే ఉంటారులే.
పిల్లలు ఎంతసేపని బయట నిలబడతారు.