గేటు లోపల

తాళ్ళరేవు సెంటర్లో తెల్లారగట్ల బస్సెక్కుతాను.
పాస్‌పోర్టు లేదు, మెళ్ళో ప్లాస్టిక్ కార్డు ఉంది.
చట్టం ప్రకారం గేటు లోపలంతా విదేశమేనట.
సూపర్‌వైజరు విక్టర్ బాబు గోరు చెప్పారు,
నవ్వలేదు.

విదేశంలో ముందు చేతులు కడుక్కోవాలి.
గాజులు తియ్యాలి, ముక్కుపుడక తియ్యాలి,
క్లోరిన్ నీళ్ళలో బూట్లతో నడవాలి.
తరవాత రొయ్య.
తల, పెంకు, నడుం మీది నల్లనరం.
పౌనుకి ముప్పయ్యా, నలభయ్యా
వేళ్ళు ముందే చెబుతాయి,
కాటా తర్వాత ఒప్పుకుంటుంది.

ఐసు గది నిలబడ్డ చోట
మా అత్త నూకరత్నం ఊడ్పులు ఊడ్చేది.
"మూడో బోదె పక్కన" అంటుంది ఇప్పటికీ.
బోదె లేదు, పక్క ఉంది.
చేనున్నోళ్ళకి డబ్బొచ్చింది.
ఊడ్చినోళ్ళకి బస్సొచ్చింది.
అబద్ధమెందుకు, ఆ బస్సుతోనే
పిల్లదాని ఫీజు కట్టాను, చీటీ పాట పాడాను.

మొన్న సముద్రాల అవతలెక్కడో
సుంకం పెంచారంట.
ఇక్కడ రెండో షిఫ్టు ఆగిపోయింది.
ఒడిశా పిల్ల సుభాసిని పెట్టె సర్దుకుంటా
"సుంకమంటే ఏంటక్కా?" అంది.
రేవు దాటితే పాటదారుకి ఇచ్చేదే అన్నాను.
"మరి మనం దాటలేదుగా?"

గేటు బయటికి ఏది తెచ్చినా రసీదు కావాలి,
రొయ్య తలకాయకైనా.
ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే
కాసేపు వేడి తెలియదు.
ఈ చలికి రసీదు ఎవరూ అడగలేదు.
అత్త నా వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని
మళ్ళీ
ఆ బోదె సంగతే మొదలెడుతుంది,
నీళ్ళు ఏ రోజు వదిలేవారో, ఎంత లోతో.