వణికే పిడి

నెక్సో రేవులో గాలాలూ వలలూ అమ్మే కొట్టు నాది.
వెనక గోడకి, రబ్బరు బూట్ల పక్కన
మూడు మెటల్ డిటెక్టర్లు వేలాడుతుంటాయి.
పొలాలు దున్ని, బార్లీ ఇంకా చల్లని
ఆ పది రోజుల ముందు
వాటి మీద దుమ్ము దులుపుతాను.

వాల్బోర్గ్ వచ్చింది.
నలభై ఏళ్లు హెర్రింగ్ చేపలకి పొగబెట్టిన మనిషి.
కోటు గుండీ విప్పితే ఇప్పటికీ ఆల్డర్ కట్టె వాసన.
"చవకది చూపించు, యెప్పే.
చవకబారుది కాదు సుమా" అంది.
ఆ రెండు మాటల మధ్య సందులోనే కదా
నా బతుకుతెరువంతా.

మొదటిది నాలుగు వందల క్రోనర్లు.
నేల మీద మేకు వేశాను, చాక్లెట్ రేకు వేశాను,
ఆమె వేలి ఉంగరం తీసి వేసింది.
మూడింటికీ ఒకటే కూత.
అబద్ధమాడదు. నిజమేదో తెలియదు పాపం దానికి.

ఆ చివరిది ఏడు వేలు.
నీళ్లలో ముంచొచ్చు, ఉప్పిసుకలో తడబడదు,
తెర మీద అంకెలు.
వాల్బోర్గ్ ధర చీటీ తిప్పి, మళ్లీ తిప్పి,
"ఇంత పోసి కొంటే
దొరికిందాన్ని చూసి మురవను, లెక్కగడతాను" అంది.
పైగా ఈ దీవిలో పాత బంగారం ఎవరికి దొరికినా
మ్యూజియానికి అప్పజెప్పాల్సిందే.
మనది కానిదాన్ని వెతకడానికి
ఎంతని ఖర్చు పెడతాం?

మధ్యది ఎవరో వాడినది. పదహారు వందలు.
పిడికి నల్ల టేపు చుట్టి ఉంది.
ఓల్స్కర్ ఆసామి ఒకాయన మోకాళ్లరిగి వదిలేశాడు.
ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి ఊపాను.
మేకుకి బొంగురు గొంతు.
ఉంగరానికి సన్నటి పిట్టకూత, నాకే బయటికి వినబడింది.
ఆమె ముఖంలో ఏమీ లేదు.
మళ్లీ ఊపాను.
ఏమీ లేదు.

పొగగూటి ఫ్యాన్ల హోరు
పై శబ్దాలన్నిటినీ ఒక్కొక్కటే మింగేసిందట.
"పిచ్చుకలు ఎప్పుడు ఆగిపోయాయో తెలీదు.
ఒక ఏడు తోట నిశ్శబ్దంగా ఉంది.
పక్కింటి పిల్లిని తిట్టాను."

ఇనుము వినబడుతుంది ఆమెకి.
వెండి వినబడదు.

ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నాను.
లోతెంత, బరువెంత, బ్యాటరీ ఎన్ని గంటలు,
ఇవే వల్లించాను.
మీ చెవులెలా ఉన్నాయని
ఏ ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

సొరుగంతా గాలించి, నూనె మరకల కాగితం తీసి
కళ్లద్దాలు నుదుటికెక్కించుకుని చదివాను:
రెండు మీటలూ కలిపి నొక్కితే పిడి వణుకుతుంది.
నొక్కాం.
మేకు మీద ఊపితే చలనం లేదు.
ఉంగరం మీదికి రాగానే
వాల్బోర్గ్ మణికట్టు బిగుసుకుంది.
"చేప తగిలింది" అంది.
"చిన్నది. తీసి మళ్లీ నీళ్లలో వదిలేసేంత చిన్నది."

పదిహేను వందలకి బేరం తెగింది.
చేతి పార ఊరికే ఇమ్మంది, ఇచ్చాను.
సీగ్వాల్ పొలంలో తవ్వడానికి అనుమతి
ఆమె అంతకు ముందే అడిగి పెట్టుకుంది.

మూడు వారాల తర్వాత బల్ల మీద బిస్కెట్ డబ్బా బోర్లించింది:
సీసా మూతలు, వలకి కట్టే సీసం ముక్క,
విరిగిన నాడా సగం.
"కొండంత తవ్వాను. ఎలుకైనా లేదు" అని
జేబులోంచి రుమాలు తీసింది.

బొటనవేలి గోరంత కంచు గంట.
ఏ గుర్రం మెడదో, ఏ పిల్ల కాలిదో,
లోపల నాలుక లేదు.
నా చెవి దగ్గర పెట్టి గట్టిగా ఆడించింది.
"వినబడిందా?"
"లేదు."
వాల్బోర్గ్ అంత పెద్దగా నవ్వడం
రేవులో ఎవరూ చూసి ఉండరు.

సోమవారం దాన్ని మ్యూజియానికి పంపాలట.
రెండు బ్యాటరీలు తీసుకుని,
డబ్బు శుక్రవారం ఇస్తానని వెళ్లింది.