కుడి చెప్పు

చిత్తూరు కోర్టులో బంట్రోతు
పేరు మూడుసార్లు పిలుస్తాడు.
మొదటి "వల్లియమ్మా"కు
చంకకర్ర వెతుక్కుంటా.
రెండోదానికి లేస్తా.
మూడోది ముగిసేలోగా గడప దాటాల,
లేకుంటే వాయిదా.
వరండాలో కూచున్నోళ్లు, ఎవరో ఏమో,
నా తరఫున అరుస్తారు:
"వస్తా ఉంది సామీ, వస్తా ఉంది!"

ఇన్సూరెన్సు వకీలు నెమ్మదస్తుడు.
గొంతు పెంచడు.
ప్లాస్టిక్ కవర్లోంచి నా పాత కాగితం తీసి
"అయ్యా, ఈమెకు ముందే నలభై శాతం," అంటాడు.
"పాలవ్యాను గుద్దకముందే."

నలభై!
సదరం క్యాంపులో మొదట ముప్పై ఎనిమిదే రాసినారు.
పింఛనుకు రెండు తక్కువ.
ఆ రెంటి కోసం మూడేళ్లు
పెద్దాసుపత్రి మెట్లు ఎక్కి దిగినా.
"మెట్లెక్కి వచ్చినావంటే బాగానే ఉండావు కదమ్మా,"
అన్నాడొక డాక్టరు.
అప్పుడు బాగుండిన కాలు
ఇప్పుడు ముందే చెడిందంట.
ఎవరన్నా డబ్బియ్యాల్సి వచ్చినప్పుడల్లా
నా కాలు మారిపోతా ఉంటుంది.

ఎడమకాలు నాకు మూడేళ్లప్పుడే జరంలో పోయింది.
దాని పని కూడా
కుడికాలు నెత్తినేసుకుంది.
గ్రీమ్స్‌పేట సందులో
ముప్పై ఏళ్లు మిషను తొక్కింది అదే.
బడి గౌన్లు, పావడాలు,
జాతరకు ముందు రాత్రంతా రవికలు.
వ్యాను వచ్చి గుద్దింది
దాన్నే.

వేలూరులో ప్లేటేసినాయన చెప్పినాడు:
"మూణ్ణెల్లు ఈ కాలు కింద పెట్టొద్దు.
ఇంకోదాని మీద నిలబడు."
నేను దుప్పటి పక్కకు తీసి
ఇంకోదాన్ని చూపించినా.
ఆయన చాలాసేపు
కళ్లజోడు తుడుచుకుంటా ఉండిపోయినాడు.

ఒక రాత్రి, కందస్వామి డ్యూటీకి పోయుండగా,
ఎవరినీ లేపలేక
కుడికాలే దించినా.
నాలుగు అడుగులు, బాత్రూమ్ దాకా.
లోపల మేకు కదిలిన చప్పుడు విన్నా.
మందపు జీన్సు మడతలో
సూది విరుగుతుంది చూడు, అట్లా.

ఇంకొకరికి మూణ్ణెల్లు.
నాకు పదహైదు.
"వైద్యుని సలహా పాటించలేదు" అని
అది కూడా నా లెక్కలోనే రాసినారు.

చెప్పుకునేది ఏమన్నా ఉందామ్మా,
అని జడ్జిగారు అడిగినారు.

ఒక రవిక సంగతి చెప్పాలనుకున్నా.
కొంగారెడ్డిపల్లె నుంచి ఒకామె తెచ్చింది,
చచ్చిపోయిన వాళ్లమ్మది,
చేతులకాడ వదులు చెయ్యమని.
అరిగిన పట్టు.
నా సూది కిందనే జానెడు చిరిగింది.
"గుడ్డ ముందే చివికింది తల్లీ, నాదేం తప్పు"
అనుండొచ్చు.
నోటిదాకా వచ్చింది కూడా.
కానీ నేను తొక్కకముందు అది రవిక.
పెళ్లిళ్లకు తొడుక్కునేది ఆమె.
తొక్కినాక పేలిక.
మూడు వారాల కూలి ఆమె చేతిలో పెట్టినా.
చివికిన గుడ్డను బాగుచేసే దానికి
దారం ఎక్కువ పడుతుంది సామీ,
తక్కువ కాదు.

ఇదంతా చెప్పాలనుకున్నా.
నోట్లోంచి వచ్చింది మాత్రం
"నేను మిషను తొక్కేదాన్ని" అని ఒక్కటే.
టైపు చేసుకున్నారు.
ఎండాకాలం సెలవులైనాక
మళ్లా రమ్మన్నారు.

ఏటా ఒక జత చెప్పులు కొనేదాన్ని.
కుడిది అరిగి తెగిపోయేది,
ఎడమది నేలను అడిగీ అడగనట్టు తాకి
కొత్తగా మిగిలిపోయేది.
మంచం కింద గోతాంలో
పదహారు ఎడమ చెప్పులు ఉండాయి.
పారెయ్యబుద్ధి కాలేదు.

వ్యాను గుద్దిన వారానికి ముందు కొన్న జత
ఈపొద్దు బయటికి తీసినా.
కుడిది తిప్పి చూసినా.
అడుగున ధర చీటీ
అంటించింది అంటించినట్టే ఉంది.