చింతగింజల లెక్క

మా ఊళ్లో బోర్లకు మనుషుల పేర్లే.
చెంగల్రాయుడి బోరు, దస్తగిరి బోరు,
కన్నెమ్మ బోరు.
పోయినేడు ఎండిపోయింది కన్నెమ్మా, బోరా అంటే
నెల తేడాతో ఇద్దరూ.

శుక్రవారం శుక్రవారం నేనూ మునిలక్ష్మీ
పదడుగులకొక ముడి వేసిన తాడుకు
ట్రాక్టరు నట్టు కట్టి
కేసింగులోకి వదుల్తాం.
ఇరవై ముడులు, ముప్పై ముడులు,
తాడు జారి అరచేతులు కాలుతాయి.
నట్టు నీళ్లను ముట్టుకున్నప్పుడు
పసిబిడ్డ పెదవి విప్పినంత చప్పుడు.
అది వినాలంటే పక్క చేలో మోటరు ఆపాలి.
ఆపమని అడగడానికే
మాకొక ఎండాకాలం పట్టింది.

ఆ అంకెలు పాలకేంద్రం నల్లగోడమీద రాస్తాం.
పాలు పోసినవాళ్లు ఫ్యాటు చీటీ చూసుకుని
తలెత్తి గోడ చూస్తారు.
కొందరు చూడనట్టు చూస్తారు.

సెనక్కాయలు వేసే ముందు
నేలమీద ముగ్గుపిండితో కయ్యలన్నీ గీసి
భూమిలో మిగిలిన నీళ్లకు బదులు
నలభై చింతగింజలు పోశారు.
వరికి ఆరు, టమోటాకు మూడు, మల్బరీకీ మూడే,
రాగికి ఒకటి, అదీ వాన మోసం చేస్తేనే.
ఎవరి కయ్యలో వాళ్లు పెట్టుకుంటూ పోతే
తూర్పు పక్క ఏడు కయ్యలకు
గింజలు చేరనే లేదు.

చెంగల్రాయుడు కండువా దులిపాడు:
"నా బోరు, నా అప్పు, నా నీళ్లు."
"కింద ఉండే బండకు
నీ పట్టా పుస్తకం చదవను రాదు కదన్నా"
అన్నాడు దస్తగిరి.
ఎవరూ నవ్వలేదు.
వెనకనుంచి గంగులమ్మవ్వ
"ఆవులకో?" అంది.

నిజమే. నూట పది ఆవులు.
వాటికి ఒక్క గింజా పెట్టలేదు.
అవ్వే వంగి
వరి కయ్యలోంచి గుప్పెడు తీసింది.
చెంగల్రాయుడు ఆ చేతినే చూస్తా ఉండిపోయాడు,
పట్టుకోలేదు.

తొమ్మిది బోర్లకు ఒకే పైపు వేశాం.
వాల్వుకు తాళం. తాళంచెవి మా ఇంట్లో, మేకుకు.

ఏప్రిల్లో ఒక రాత్రి,
మా టమోటా కాయమీద ఉంది.
రెండుకు కరెంటు వచ్చింది.
పక్కలో ఆయన లేడు.
మేకుకు తాళంచెవి లేదు.
నేను లేవలేదు.
మా కయ్యలోకి నీళ్లు పారే చప్పుడు
ఇంత దూరం వినపడదు.
విన్నాను.

పొద్దున సుద్దముక్క తీసుకుని పోయి
గోడమీద రాశాను:
రాత్రి ఒక గంట, వంతు కాదు.
పేరు దగ్గర చెయ్యి ఆగింది.
ఆగి, నా పేరు రాసింది.
తాళంచెవి దస్తగిరి ఇంట్లో ఇచ్చొచ్చాను.

మూడు దినాలు ఆయన నాతో మాట్లాడలేదు.
నాలుగోనాడు చెంగల్రాయుడు
క్యాను కింద పెట్టి
గోడముందు చాలాసేపు నిలబడి
సుద్ద అడిగాడు.
నా పేరు కింద తన పేరు,
పాత తేదీలు, మూడు.

పలమనేరు దిక్కున మబ్బు పట్టింది గానీ
కౌండిన్య అడవి దాటి ఇటు రాలేదు.
రేపు శుక్రవారం.
తాడు దండెంమీద ఉంది,
చివరన ఇంకో ముడి వేయాలి.