అర దెబ్బ ఎనుక

చిలకలగూడ చౌరస్తల మా బ్యాండు షాపు.
షట్టర్ మీద ఎలీషా పేరు, దాని కింద ఫోన్ నంబరు,
ఇంకా కింద చిన్నగ: పెండ్లిళ్లు, ఊరేగింపులు, ఆఖరి యాత్రలు.
నేను పెద్ద డోలు. నా పేరు ఏ బోర్డు మీద లేదు.

ఎలీషా బిడ్డ దీవెనకు అప్పుడు నాలుగేండ్లు.
ఇంట్ల కుక్కరు కూత పెడితే
"నాయినా, ఇది నీ మూడో పాట మొదలు" అనేది.
సీతాఫల్‌మండి దిక్కు గూడ్సు బండి మొత్తుకుంటే
"రెండు గొంతులు, ఒకటి జర దిగింది" అని మొఖం ముడుసుకునేది.
మేం నవ్వినం.
ఎలీషా నవ్వలే. ట్రంపెట్ దీసి ఒక్కొక్క స్వరం ఊది అడిగిండు.
పిల్ల తప్పలే.
ఆ రాత్రి వాడు తాగకుండ పండుకున్నడు, నాకు అదే యాదికున్నది.

తర్వాత ఎలీషాకు పై పండ్లు రెండు ఊడినయి.
ట్రంపెటోనికి పండ్లు పోతే ఆటోకు ముందు చక్రం పోయినట్టే.
పదమూడేండ్లకు ఆ ఇత్తడి బిడ్డ చేతికొచ్చింది,
ఎర్ర కోటు చేతులు వేళ్లు దాటి ఏలాడుకుంట.

లాలాగూడల రిటైర్డ్ గార్డు డెరిక్ సారు ఉండె.
మా బారాత్ పోతుంటే గేటు కాడ నిలబడి విన్నడట,
మర్నాడు షాపుకొచ్చి పిల్ల ఏది అని అడిగిండు.
ఆయనింట్ల గీతలు పడ్డ రికార్డులు, ఒక ముసలి పిల్లి,
మూడు మెట్లు పలకని పియానో.
"జాజ్ అంటే ఏంది బిడ్డా?" అని నేనడిగితే
చానసేపు ఆలోచించి అన్నది:
"దారి తెలిసిన ఇంటికి గల్లీలు మార్చి మార్చి పోవుడు, చిన్నాయినా."

మారేడ్‌పల్లి బారాత్‌ల పోనే పోయింది గల్లీలల్లకు.
పెండ్లిపిలగాని మేనమామ "పాట యాడికి పోయింది?" అని లొల్లి,
ఐదు వందలు కోసిండు.
నేను మాత్రం ఏం జెయ్యాలె, డోలు కొట్టుకుంట ఎంబడి పోయిన.
గుర్రం గూడ ఆగి చెవులు నిక్కించింది.

నా ఎడమ భుజం సంగతి చెప్పాలె.
జనరేటర్ బండి మీద పడ్డప్పటి సంది
ఎడమ దెబ్బ ఎనుక పడతది, అర దెబ్బ.
ఇరవై ఏండ్లు దాని మీదనే తిట్టిండు ఎలీషా:
"నీ డోలు లేటు బండి రా జంగయ్యా."

మొన్న శనివారం, బంజారాహిల్స్, ఒక హోటల్ కింది అంతస్తు.
వాచ్‌మన్ నా కాళ్ల దిక్కు చూసి ఎనుక గేటు చూపిచ్చిండు.
అలవాటే. బ్యాండోళ్లం ఎప్పుడు వంటల దిక్కునుంచే పోయినం.
లోపల ఏసీ, మసక దీపాలు, కూసొని వింటున్న జనం.
మా పాట ఎవరన్న కూసొని వినుడు
ఇన్నేండ్లల్ల నేను చూడలే.

దీవెన నల్లంగి వేసుకున్నది. అదే ట్రంపెట్, అంచుకు అదే సొట్ట.
ఊదుతుంటే అండ్ల గూడ్సు బండి దిగిన గొంతు ఇనవడ్డది,
పీనుగ ముందు నడిచేటప్పుడు ఎలీషా బిగవట్టే ఊపిరి ఇనవడ్డది,
నాకు తెల్వనియి ఇంకెన్నో.
డ్రమ్ము పిలగాడు టంచన్‌గ కొడుతున్నడు.
బిడ్డ మాత్రం ప్రతి మాటు
జర ఆగి, అర దెబ్బ ఎనుక దిగుతున్నది.
తప్పనుకున్న. మల్ల దిగింది. మల్ల.
నా ఎడమ భుజం దానంతట అదే లేసింది.

చప్పట్లు గొట్టిన్రు. పక్క టేబులాయన పక్కామెకు చెప్తున్నడు,
అది అమెరికాల ఏదో ఊరి పద్ధతట, ఊరి పేరు గూడ చెప్పిండు.
నేనేం అనలే.
నీళ్ల గ్లాసు పక్కకు జరిపి
బల్ల మీద రెండేళ్లతోటి కొట్టుకుంట కూసున్న,
లేటుగనే.